కుక్కకి కొబ్బరి పెట్టాలంటే ఏది మేలు: పచ్చిదా, కుడకా, బోండాం నీళ్లా?

కొబ్బరి కుక్కకి విషం కాదు, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష లాంటి వాటి సరసన పెట్టి భయపడాల్సిన పదార్థం కాదు ఇది. కాకపోతే మన ఇళ్లలో పచ్చి కొబ్బరి, ఎండు కొబ్బరి, బోండాం, నూనె, చట్నీ, లౌజు అన్నీ కొబ్బరి కిందే లెక్క, కుక్క పొట్టలోకి వెళ్లాక మాత్రం దేని గొడవ దానిదే. అందుకే "పెట్టొచ్చా" అని కాదు, "ఏది, ఎంత" అని అడగాలి.

పచ్చిది, ఎండుది పక్కపక్కన పెట్టి చూద్దాం. పచ్చి కొబ్బరి 100 గ్రాముల్లో సుమారు 350 కేలరీలు, 33 గ్రాముల కొవ్వు ఉంటాయి. ఎండితే నీరు పోయి కొవ్వు మిగులుతుంది కాబట్టి ఎండు కొబ్బరిలో (తెలంగాణలో కుడక అంటారు, కోనసీమలో కురిడీ) అదే 100 గ్రాములకి 650 కేలరీల పైమాటే, కొవ్వు కూడా దాదాపు రెట్టింపు. ఇంట్లో ఉండే పది కిలోల కుక్కకి రోజు మొత్తం మీద ఓ 600 కేలరీలు సరిపోతాయి, చిరుతిళ్లు అందులో పదో వంతు దాటకూడదని పశువైద్యులు చెప్పే లెక్క. అంటే పది గ్రాముల కుడక ముక్క, మనం వంట చేస్తూ నోట్లో వేసుకునేంతది, పడేస్తే ఆ రోజు కోటా అయిపోయినట్టే.

కొవ్వు ఒక్కసారిగా ఎక్కువైతే మామూలుగా విరేచనాలతో సరిపోతుంది, కానీ కొన్నిటికి క్లోమం వాచి పాంక్రియాటైటిస్ దాకా వెళ్తుంది. వాంతులు, తిండి ముట్టకపోవడం, ముందుకాళ్లు నేలకి ఆనించి వెనక భాగం పైకెత్తి అలాగే ఉండిపోవడం కనిపిస్తే అది ఆట కాదు, పొట్ట నొప్పి. లావెక్కిన కుక్కలకి, ష్నాజర్ జాతి కుక్కలకి, ఆ జబ్బు ఇదివరకే ఒకసారి వచ్చినవాటికి అసలు ఏ కొబ్బరీ వద్దు, వాటికి రెండు కీరా ముక్కలు చాలు.

కుడకతో ఇంకో చిక్కు బూజు. వానాకాలంలో డబ్బాలో ఉన్న కుడక లోపలి వైపు పచ్చగా, నల్లగా మచ్చలు కడుతుంది చూడండి, దాన్ని పారేయడానికి మనసొప్పక "పోనీ కుక్కకి వేద్దాంలే" అంటారు ఇంట్లో. దయచేసి వేయకండి. ఆ బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి, అది నేరుగా కాలేయం మీద దెబ్బ కొడుతుంది, కుక్కలు దాన్ని అసలు తట్టుకోలేవు. పైన గీకేస్తే పోయే రకం కూడా కాదు.

కాబట్టి నా ఓటు పచ్చిదానికే, అందులోనూ బోండాంలో ఉండే లేత కొబ్బరి దొరికితే మరీ మంచిది, మెత్తగా ఉంటుంది, ముదురుదాని కంటే కొవ్వు తక్కువ. ముదురు కాయ అయితే కోరి పెట్టండి, ముక్కలుగా వద్దు. ల్యాబ్రడార్ లాంటివి నమిలే ఓపిక లేకుండా గుటుక్కున మింగేస్తాయి, గొంతుకి అడ్డం పడకపోతే మర్నాడు అదే ముక్క తెల్లగా బయటికి వస్తుంది, ఇంక పెట్టి ఏం లాభం? పది కిలోల కుక్కకి ఒక చెంచా కోరు, వారానికి ఒకటి రెండుసార్లు. మొదటిసారి చిటికెడే పెట్టి మర్నాడు విరేచనం ఎలా ఉందో చూసుకోండి. పచ్చి కొబ్బరి తింటే నులిపురుగులు చస్తాయని కూడా అంటుంటారు గానీ, డీవార్మింగ్ మాత్రకి బదులు అదని నమ్ముకోవద్దు.

బోండాం నీళ్లా, మామూలు నీళ్లా అంటే మామూలు నీళ్లే. ఆరోగ్యంగా ఉన్న కుక్క రెండు చెంచాలు నాకితే ఏమీ కాదు, కానీ వీటిలో పొటాషియం ఎక్కువ. అమెరికాలోని జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ కూడా ఈ కారణంతోనే పెంపుడు జంతువులకి కొబ్బరి నీళ్లు వద్దంటుంది. కిడ్నీ జబ్బున్న కుక్కకీ, ఎనలాప్రిల్ లాంటి గుండె మందులు వాడే కుక్కకీ అయితే గుండె లయే దెబ్బతినొచ్చు. నాకు అసలు కోపం వచ్చేది ఎక్కడంటే, కుక్కపిల్లకి వాంతులు, రక్త విరేచనాలు పట్టుకుంటే "వేడి చేసింది, బోండాం నీళ్లు పట్టించండి" అని సలహా ఇస్తారు చూడండి, అక్కడ. అది పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) కావచ్చు. దానికి కావాల్సింది సెలైన్, అది కూడా గంటల్లో. విరేచనాల్లో పోయే సోడియం ఈ నీళ్లలో తక్కువే, పైగా తాగించింది తాగించినట్టు కక్కేస్తుంది.

నూనె సంగతి: ఒక టీస్పూన్‌కి 40 కేలరీలు, అంతా కొవ్వే. బొచ్చు మెరుస్తుందని అన్నంలో కలుపుతారు గానీ, మోతాదు కాస్త దాటితే మెరుపు కంటే ముందు మోషన్స్ వస్తాయి. పొడిబారిన పాదాలకి పల్చగా రాస్తే నష్టం లేదు, నాకుతుందని తెలిసి రాయండి. పిడుదులకి మందు మాత్రం కాదు.

చట్నీ వద్దు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉప్పు, అన్నీ ఉంటాయి. లౌజు బెల్లం ముద్ద, అదీ వద్దు. ప్రసాదంలో కిస్‌మిస్ కలిసి ఉండి అది తినేస్తే కొబ్బరి సంగతి పక్కనపెట్టి డాక్టర్‌కి ఫోన్ చేయండి, అది కిడ్నీల మీద పడుతుంది. షుగర్‌ఫ్రీ స్వీట్లలో చక్కెరకి బదులు వేసే జైలిటాల్ ఉంటే అదీ ప్రమాదమే.

చిప్ప, డొక్క ఆడుకోవడానికి ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, ఖర్చు లేని బొమ్మ కదా. రబ్బరు బొమ్మే మేలు. చిప్ప గట్టిగా కొరికితే పై దవడ పక్కన ఉండే పెద్ద పన్ను పలకలా చీలుతుంది, డొక్క పీచు పేగులో ఉండ కట్టి ఇరుక్కుంటే ఆపరేషనే. మింగిందని అనుమానం వస్తే ఉప్పునీళ్లు పట్టించి కక్కించకండి, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. పీచు ఎక్స్‌రేలో తేలిగ్గా కనపడదు, కాబట్టి నమిలి వదిలేసిన ముక్కని కవర్లో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లి చూపించండి.