ఒహాయోలో ఇటాలియనేట్ ఫామ్‌హౌస్: ఏళ్ల తరబడి ఉన్నాక

మాది ఒహాయోలో మొక్కజొన్న పొలాల మధ్య, 1870ల్లో ఇటాలియనేట్ అనే తరహాలో కట్టిన ఇటుక ఇల్లు. కొన్నేళ్లుగా కుటుంబమంతా ఇందులోనే ఉంటున్నాం. ఇలాంటిది కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఇల్లు గట్టిది, కొనండి. కానీ దాని పద్ధతి తెలియకుండా రిపేర్లు చేయించకండి.

పేరులో ఇటలీ ఉన్నా ఈ తరహా అమెరికాకు వచ్చింది ఇంగ్లండ్ మీదుగా. 1802 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో ఆర్కిటెక్ట్ జాన్ నాష్ కట్టిన క్రాంక్‌హిల్‌ను దీనికి తొలి ఇల్లుగా చెబుతారు. అమెరికాలో దీన్ని ఊరూరికీ చేర్చినవాడు ఆండ్రూ జాక్సన్ డౌనింగ్ అనే రచయిత, తోటల డిజైనర్. 1842లో, 1850లో ఆయన తెచ్చిన ప్లాన్ల పుస్తకాలు చూసి ఎక్కడి వడ్రంగులు అక్కడే కట్టేశారు. పాపం, 1852లో హడ్సన్ నదిలో స్టీమర్ తగలబడిన ప్రమాదంలో 36 ఏళ్లకే పోయాడు. ఈ తరహా మాత్రం 1880ల దాకా సాగింది. వాలు తక్కువ పైకప్పు, బాగా ముందుకొచ్చిన చూరు, దాని కింద చెక్క బ్రాకెట్లు, సన్నగా పొడుగ్గా ఉండే కిటికీలు దీని గుర్తులు.

ఆ కిటికీలంటే నాకు ప్రాణం. చట్రం లోపల పోత ఇనుప బరువులు తాడుకి వేలాడుతూ గిలక మీద తిరుగుతాయి. అందుకే అంత బరువైన కిటికీ కూడా ఒంటిచేత్తో లేస్తుంది, ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. పై సగం కిందికి దిగుతుంది కాబట్టి వేడిగాలి అటునుంచి పోతుంది, చల్లగాలి కిందినుంచి వస్తుంది. జూలై సాయంత్రాల్లో ఇంటి నెత్తిన ఉన్న క్యూపోలా (చిన్న గోపురం లాంటి గది) కిటికీలు కూడా తీస్తే, మెట్ల దగ్గర గాలి పైకి లాగడం ఒంటికి తెలుస్తుంది. చాలా రాత్రులు ఏసీ జోలికే పోం.

టెన్షన్ పెట్టింది పడమటి గోడ. మాకంటే ముందు ఎవరో ఇటుకల సందుల్లో సిమెంట్ పూయించారు. పాత ఇటుక మెత్తన, సిమెంట్ గట్టిది. తేమ సందుల్లోంచి బయటికి పోలేక ఇటుకలోనే ఉండిపోయి, చలికాలంలో గడ్డకట్టి ఉబ్బుతుంది. దాంతో ఇటుక ముఖం పెచ్చులుగా ఊడేది, గోరు ఆనిస్తే చాలు ఎర్రపొడి రాలేది. సిమెంట్ గీకించి సున్నం పెట్టించాం. మన పాత మిద్దెల గానుగ సున్నం ఎందుకు మన్నిందో ఈ గోడ చూశాకే నాకు బాగా అర్థమైంది. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టం, ఖర్చూ ఎక్కువే. అయినా గోడ ఇప్పుడు పొడిగా ఉంది.

చలికాలం బిల్లు మాత్రం మోతే. ఎత్తైన గదులు త్వరగా వేడెక్కవు. పాత కిటికీలు పీకేయకుండా బయట ఇంకో అద్దం పొర బిగిస్తే చలి చాలావరకు ఆగుతుంది. చిన్నపిల్లలుంటే పాత రంగు గోకే ముందు అందులో సీసం (లెడ్) అనే విషలోహం ఉందేమో టెస్ట్ చేయించండి. ఇళ్ల రంగుల్లో సీసాన్ని అమెరికా 1978లో గానీ నిషేధించలేదు.

కొనేముందు చూరులో దాగి ఉన్న గట్టర్ (వాననీటి కాలువ) తప్పకుండా చూడండి. దాని రేకు చిల్లిపడితే నీళ్లు నేరుగా బ్రాకెట్ల వెనక చెక్కలోకి దిగుతాయి, కింద నిలబడితే ఏమీ కనిపించదు. డబ్బు ముందు అక్కడ పెట్టండి, తర్వాత గోడలకు. వంటగది హంగులు ఆ తర్వాతే.