బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉంటే పాల పంపు ఏది తీసుకోవాలి: అద్దెకు దొరికే మెడెలా సింఫనీపై సమీక్ష

బిడ్డ ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) ఉన్నప్పుడు తల్లి రోజుకు 8 నుంచి 10 సార్లు పాలు తీయాలి. చేతి పంపుతో ఒక్కో వైపూ తీసి, కడిగి, ఆరబెట్టేసరికి గంట గడిచిపోతుంది. మళ్ళీ రెండు గంటలకే లేవాలి. సిజేరియన్ అయిన బాలింత ఒళ్ళు దీన్ని ఎన్నాళ్ళు తట్టుకుంటుంది? రెండు వైపులా ఒకేసారి లాగే సింఫనీ అయితే 15 నుంచి 20 నిమిషాల్లో పని అయిపోతుంది. మా లెక్కలో దీని మొదటి లాభం తల్లికి దక్కే నిద్ర.

మెషిన్‌ను ఒకరి తర్వాత ఒకరు వాడుకోవచ్చు. పాలు మోటారులోకి పోకుండా మధ్యలో అడ్డుపొర ఉంటుంది. షీల్డులు (రొమ్ముకు ఆనించే గరాటులు), గొట్టాలు, సీసాలున్న కిట్ మాత్రం ఎవరిది వారే కొత్తగా కొనుక్కోవాలి. అడ్డుపొర లేని చిన్న పంపులు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వచ్చినా వద్దు, గొట్టాల్లో పాలు చేరి బూజు పడుతుంది.

కాన్పయిన 6 గంటల్లోపే మొదలుపెట్టండి. తొలి రోజుల్లో చుక్కలే వస్తాయి, అది మామూలే. ఆ కాస్త ముర్రుపాలూ సీసాకే అంటుకుపోతాయి, అందుకని పంపు తర్వాత చేత్తో కూడా పిండి చిన్న సిరంజిలోకి తీసుకోండి. మెషిన్‌లో మొదట తొలి రోజుల కోసం ఉన్న ఇనీషియేట్ ప్రోగ్రాం పెట్టాలి. వరుసగా మూడుసార్లు రెండు వైపులా కలిపి 20 మి.లీ. వచ్చాక మెయింటెయిన్ ప్రోగ్రాంకు మారాలి. ఆరో రోజుకూ అంత రాకపోయినా మారాల్సిందే. అద్దెకు తీసుకునేటప్పుడే మెషిన్‌లో ఈ రెండు ప్రోగ్రాంలూ ఉన్నాయా అని అడగండి.

ఎక్కువమంది ఇబ్బంది పడేది షీల్డు సైజు దగ్గర. అందరికీ 24 మి.మీ. సరిపోదు. చనుమొన షీల్డు లోపలి గోడకు రాసుకుంటున్నా, చుట్టూ ఉన్న నల్లటి భాగం లోపలికి లాగేస్తున్నా సైజు మార్చాలి. లాగుడు పెంచితే పాలు పెరుగుతాయనుకోవద్దు. కాస్త ఇబ్బంది అనిపించేదాకా పెంచి, ఒక మెట్టు తగ్గించుకోండి. పాలు ఉన్నట్టుండి తగ్గితే తల్లిని అనుమానించే ముందు వాల్వు మీది పల్చటి తెల్ల పొర చూడండి. అది చిరిగినా, వంకర తిరిగినా లాగుడు పడిపోతుంది. ఆ పొర ఒకటి అదనంగా ఇంట్లో ఉంచుకోవాలి. ఈ సంగతి తెలియక కుమిలిపోయే తల్లులను చూస్తే బాధేస్తుంది.

తండ్రి చేయి వేయకపోతే ఎంత మంచి పంపయినా తల్లికి నిద్రనివ్వదు. పాలు తాకిన భాగాలను ప్రతిసారీ విడిగా ఉంచిన గిన్నెలో సబ్బునీళ్ళతో కడగడం, రోజుకోసారి 5 నిమిషాలు మరిగించడం, సీసాపై పేరు, తేదీ, సమయం రాయడం, ఐస్ ప్యాకుల సంచిలో ఆసుపత్రికి చేర్చడం ఆయన పనులు. కడగకుండా ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ వాడే చిట్కా నెలలు నిండని బిడ్డ విషయంలో పనికిరాదు. పగలు రెండు మూడు గంటలకోసారి తీస్తే రాత్రి ఒక్కసారి 4 నుంచి 5 గంటలు ఏకధాటిగా పడుకోవచ్చు. అంతకు మించి ఎడం ఇవ్వకండి.

పత్యం పేరుతో నీళ్ళు తగ్గించొద్దు. పంపు పక్కన చెంబుతో నీళ్ళు, తినడానికి ఏదైనా ఉండాలి. బిడ్డను గుండెలకు హత్తుకున్న వెంటనే తీస్తే చాలామందికి పాలు ఎక్కువగా వస్తాయి, కాబట్టి ఎన్‌ఐసీయూ పక్కన పాలు తీసే గది ఉందో లేదో అడగండి. ఈ మెషిన్ బరువు, రోజూ మోసుకెళ్ళేది కాదు.

రొమ్ము ఎర్రబడి, గట్టిపడి జ్వరం వస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి. గట్టిగా మర్దన చేయకూడదు, పాలు తీయడం ఆపకూడదు. పడుకునే వీలున్నా నిద్ర పట్టకపోవడం, రెండు వారాలైనా ఏడుపు ఆగకపోవడం తల్లిలో కనిపించినా, తండ్రిలో కనిపించినా డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

అద్దె వారాల లెక్కన దొరికితే అలాగే తీసుకోండి. డిశ్చార్జి రోజే మెషిన్ తిరిగి ఇచ్చేయొద్దు, బిడ్డ రొమ్ము పట్టి కడుపునిండా తాగేదాకా దానితో పని ఉంటుంది.