పెరట్లో సోలార్ కిల్న్, అంటే ఎండ వేడితో పచ్చి కలప ఆరబెట్టే గది, కట్టుకున్నవాళ్లకి చెక్కలో తేమ చూపించే ఈ పిన్నుల మాయిశ్చర్ మీటర్ పనికొస్తుందా?

పనికొస్తుంది, కానీ స్క్రీన్ మీద అంకె చూసి వెంటనే వడ్రంగికి ఫోన్ చేసేయకండి.

మాది మామూలు కిల్నే. దక్షిణం వైపు వాలుగా పాలికార్బనేట్ కప్పు, హైదరాబాద్‌లో అయితే అక్షాంశానికి తగ్గట్టు 17 డిగ్రీలు ఉంటే చాలు, లోపల నల్లరంగు కొట్టిన రేకు, ఒక ఫ్యాన్, తేమ గాలి పోవడానికి వెనక గోడకి తెరిచి మూసే కంతలు, పలకల మధ్య అన్నీ ఒకే మందం ఉన్న బద్దలు. పగలు వేడెక్కుతుంది, రాత్రి చల్లబడి లోపల తేమ పెరుగుతుంది, ఆ విరామం దొరకడం వల్లే పలకలు తక్కువ పగులుతాయి.

ఇక మీటర్. ఇది తేమని నేరుగా కొలవదు. రెండు పిన్నుల మధ్య కరెంటుకి చెక్క ఎంత అడ్డుపడుతుందో చూసి లెక్కగడుతుంది, అందుకే సుమారు 30 శాతం దాటాక చూపించే అంకెలకి విలువ లేదు. కోత మిల్లు నుంచి అప్పుడే వచ్చిన పచ్చి వేప మీద గుచ్చి 42 అంది, 55 అంది అని టెన్షన్ పడటం దండగ, ఆ దశలో ఒక పలకకి గుర్తు పెట్టుకుని అప్పుడప్పుడు తూకం వేయడమే నయం. చెక్క వేడిగా ఉన్నప్పుడు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి పొద్దున్నే చూడాలి. ఇవేవీ మాన్యువల్‌లో లేవు, అరచేతంత కాగితం, అందులో సగం బ్యాటరీ గురించే.

నాకు అస్సలు నచ్చనిది పిన్నుల పొడవు. 8 మిల్లీమీటర్లు! అంగుళం పలకకి సరే, ద్వారబంధం కర్రకి ఏ మూలకి? పైన 11 చూపిస్తుంటే లోపల పచ్చిగానే ఉండొచ్చు. పిన్నుల మధ్య ఎంత దూరమో అంతే ఎడంగా రెండు మేకులు, మందంలో నాలుగో వంతు లోతుకి దిగ్గొట్టి, వాటి తలలకి పిన్నులు ఆనించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇంకో లోపం, ఈ మీటర్‌లో టేకు, వేప, మామిడి అన్నిటికీ ఒకటే సెట్టింగ్, కాబట్టి కర్రని బట్టి అంకె అటూ ఇటూ కావచ్చు. అనుమానం వస్తే పలక మధ్యలోంచి ముక్క కోసి తూచి, ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గనంతవరకూ ఉంచి మళ్లీ తూచాలి. 250 గ్రాములది 200 అయితే, పోయిన 50ని 200తో భాగించండి, తేమ 25 శాతం. వంటింటి ఓవెన్ అయితే ముందు ఇంట్లో అనుమతి తీసుకోండి.

ఐదుకి మూడు స్టార్లు. అందులో ఒకటి స్పేర్ పిన్నులు ఇచ్చినందుకు, చేవ కర్రలో గుచ్చితే ఇవి ఇట్టే వంగిపోతాయి.