64 పెట్టెల పని ఒక్క మాత్రికతో: ప్యూర్ డేటాలో ఐఇఎంమేట్రిక్స్

పెట్టెలను తీగలతో కలిపి ధ్వని ప్రోగ్రాములు గీసే ప్యూర్ డేటా సాఫ్ట్‌వేర్‌లో ఎనిమిది ఇన్‌పుట్లను ఎనిమిది స్పీకర్లకు కోరినట్టు పంచాలంటే గుణకారం పెట్టెలే 64 కావాలి. వాటి మధ్య తీగలు గీశాక ఏది ఎక్కడికి పోతోందో గీసినవాడికే అంతుపట్టదు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఉన్న ఐఇఎం (ఎలక్ట్రానిక్ సంగీతం, ధ్వనిశాస్త్రాల) సంస్థ నుంచి వచ్చిన ఐఇఎంమేట్రిక్స్ లైబ్రరీ ఆ పనంతా ఒక్క పెట్టెకు అప్పగిస్తుంది. కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఇప్పట్లో వదిలే ఉద్దేశం లేదు, కానీ దాని పేచీలు దానికీ ఉన్నాయి.

లెక్క ఇంటర్‌లో చదివినదే. ఒక్కో అవుట్‌పుట్‌కు ఒక అడ్డువరుస, ఒక్కో ఇన్‌పుట్‌కు ఒక నిలువువరుస. గడిలో సున్నా ఉంటే దారి మూసుకుంటుంది, మైనస్ ఉంటే తరంగం తలకిందులవుతుంది. 5.1 ధ్వనిని (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) స్టీరియోకు దింపేటప్పుడు ఎడమ వరుసలో ఎడమకు 1, మధ్య ఛానల్‌కు 0.707, వెనక ఎడమకు 0.707 రాస్తాను. మూడూ ఒకేసారి గరిష్ఠానికి చేరితే మొత్తం 2.414, అంటే హద్దుకు దాదాపు 7.7 డెసిబెళ్లు పైన. వరుసనంతా 0.414తో గుణిస్తే శబ్దం పగలదు గానీ మాటలు నీరసంగా వినిపిస్తాయి. నేను 0.6 దగ్గర ఆగి, చివర హద్దు దాటే శబ్దాన్ని అణచే లిమిటర్ పెడతాను.

అసలు సుఖం మాత్రిక మారేటప్పుడు తెలుస్తుంది. కొత్తది పంపగానే ప్రతి అంకె మనం చెప్పిన మిల్లీసెకన్లలో పాత విలువ నుంచి కొత్తదానికి జారుతుంది. 20 పెడితే నాకు టక్కుమనే చప్పుడు వినిపించలేదు. అయితే ఆ జారడం సరళరేఖలో సాగుతుంది. అన్ని దిశల ధ్వనినీ పట్టే ఆంబిసోనిక్ రికార్డింగును ఒక్క ఆదేశంతో 90 డిగ్రీలు తిప్పి చూడండి. సగం దారిలో సైన్, కొసైన్ గడుల్లో 0.707 ఉండాల్సింది 0.5 ఉంటుంది. దిశను మోసే ఛానళ్లు 3 డెసిబెళ్లు తగ్గుతాయి, దిశ లేని డబ్ల్యూ ఛానల్ మాత్రం తగ్గదు. వాద్యం మన చుట్టూ తిరగకుండా గదికి అడ్డంపడి దాటినట్టు ఉంటుంది. అయిదేసి డిగ్రీలుగా విడగొట్టి పంపితే ఈ బాధ తీరుతుంది.

ప్రతిధ్వనికీ ఇదే పెట్టె. శబ్దాన్ని ఆలస్యం చేసే నాలుగు డిలేల చుట్టూ అన్నీ ప్లస్ లేదా మైనస్ 0.5 ఉండే హాడమార్డ్ మాత్రిక తిప్పితే శక్తి పెరగదు, తరగదు. దాన్ని 0.9తో తగ్గిస్తే శబ్దం మెల్లగా ఆరిపోతుంది. 0.5 బదులు 1 రాస్తే మాత్రం ఒక్కో చుట్టుకు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. పెట్టె హెచ్చరించదు, స్పీకర్లే చెబుతాయి.

ప్యూర్ డేటాకు లైబ్రరీలు తెచ్చిపెట్టే డెకెన్‌లో వెతికితే దొరుకుతుంది, స్థాపించడం తేలికే. సహాయ పాచ్‌లు (పెట్టెలతో గీసిన ప్రోగ్రాములు) మరీ పొదుపు, లెక్క ముందే తెలిసినవాళ్ల కోసం రాసినట్టు ఉంటాయి. 64 అంకెలు ఒకే సందేశంలో బారుగా పడి ఉంటే తప్పు వెతకడం నరకం. అందుకే మాత్రికలను టెక్స్ట్ ఫైళ్లలో, వరుసకో పంక్తిగా దాచుకుంటాను. స్పీకర్ల అమరిక మారినప్పుడు పాచ్ జోలికి పోను, ఫైలు మారుస్తాను.