స్కూల్ బస్సు: కొనాలా, అద్దెకి పెట్టాలా, ఆటోలకి వదిలేయాలా?

మార్చి నెలలో చిన్న స్కూళ్ల కరస్పాండెంట్లు నలుగురు కలిస్తే అడ్మిషన్ల తర్వాత వచ్చే మాట బస్సులే. "ఉన్న రెండు బస్సులూ అమ్మేసి కాంట్రాక్టుకి ఇచ్చేద్దామనుకుంటున్నా, తలనొప్పి వదిలిపోతుంది" అని ఒకరంటారు. "మేమసలు బస్సే పెట్టలేదు. ఆటోలు పేరెంట్సే మాట్లాడుకుంటారు, మాకు సంబంధం లేదు" అని ఇంకొకరంటారు. డీజిల్ ఎంత, జీతాలెంత, కిస్తీ ఎంత అన్న లెక్క అందరం వేస్తాం. ప్రమాదం జరిగితే కోర్టులో ఎవరు నిలబడాలి, పరిహారం ఎవరు కట్టాలి అన్న లెక్క మాత్రం చాలామందిమి వేయం. నేను ఒక మండల కేంద్రంలో ఏడో తరగతి దాకా స్కూలు నడుపుతున్నాను. మూడు పద్ధతులూ చూశాను. డబ్బు లెక్క మీకు తెలిసిందే కాబట్టి నేను ఈ రెండో లెక్కే చెప్తాను.

ముందు అద్దె బస్సు సంగతి. తలనొప్పి వదులుతుందని అందరూ నమ్మేది దీన్నే.

ఆరేళ్ల కిందట మేం ఒక బస్సు అద్దెకి పెట్టాం. యజమాని ఊళ్లోవాడే. డ్రైవర్‌కి జీతం ఆయనే ఇస్తాడు, డీజిల్, రిపేర్లు ఆయనవే. నెల తిరిగేసరికి ఇంతని చేతిలో పెడితే మాకు ఏ గొడవా లేదు. నవంబర్‌లో ఒక సాయంత్రం గేదె అడ్డం వస్తే డ్రైవర్ గట్టిగా బ్రేక్ వేశాడు. ముందు సీట్లో ఉన్న యూకేజీ పాప ఎదురుగా ఉన్న ఇనుప కడ్డీకి కొట్టుకుంది. గడ్డం చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి. మర్నాడు పొద్దున్నే వాళ్ల నాన్న వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. "సార్, బస్సు కాగితాలు ఒకసారి చూపించండి" అన్నాడు. మా ఫైల్లో ఉన్నవి జూన్‌లో తీసుకున్న జిరాక్సులు. ఫోన్ చేస్తే యజమాని ఒరిజినల్స్ తెచ్చాడు. ఇన్సూరెన్స్ అయిపోయి 19 రోజులైంది. "మర్చిపోయాను సార్, ఇవాళే కట్టేస్తా" అన్నాడు. అన్ని రోజులూ మా పిల్లలు ఇన్సూరెన్స్ లేని బస్సులో తిరిగారు. పాప తండ్రి కేసు పెట్టలేదు. నాకు మాత్రం చాలా రోజులు నిద్ర పట్టలేదు.

అప్పుడు మా ఊరి లాయర్ గారి దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ అడిగాను. "బస్సు ఆయనది, డ్రైవర్ ఆయన మనిషి, మనకేం సంబంధం అనొచ్చు కదా?" అంటే, ఆయన 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చెప్పారు. రాజస్థాన్ ఆర్టీసీ ఒక ప్రైవేటు బస్సును అద్దెకి తీసుకుని తన రూటులో తిప్పింది. యజమాని వేరే ఆయన, డ్రైవర్ ఆయన మనిషే, కండక్టర్ మాత్రం ఆర్టీసీవాడు. ప్రమాదం జరిగింది. మాకు సంబంధం లేదని ఆర్టీసీ వాదించింది. బస్సు నడిచింది నీ అదుపులో, నీ కండక్టర్ చెప్పినట్టు, కాబట్టి పరిహారం బాధ్యత నీదేనని కోర్టు చెప్పింది. లాయర్ గారు అది చెప్పి నన్ను తిరిగి అడిగారు: "మీ అద్దె బస్సుకి రూటు ఎవరు వేశారు? వ్యాన్ ఫీజు ఎవరి రసీదు పుస్తకంలో కడుతున్నారు? బస్సు మీద పేరు ఎవరిది? ఆయమ్మ ఎవరి మనిషి?" నాలుగింటికీ నా జవాబు ఒకటే. మేమే.

అగ్రిమెంటులో "ఏ ప్రమాదం జరిగినా యజమానిదే బాధ్యత" అని రాయించుకుంటాం కదా. రాయించుకోవాల్సిందే. కానీ అది మనకీ బస్సు యజమానికీ మధ్య కాగితం. పిల్లవాడి తండ్రిని అది ఆపదు. కోర్టు మన మీద వేస్తే ముందు మనం కట్టి, ఆ తర్వాత ఆ కాగితం పట్టుకుని యజమాని వెంట తిరగాలి. ఒక్క బస్సు మీద బతికే మనిషి దగ్గర ఎంత వసూలవుతుందో ఎవరైనా ఊహించగలరు. పర్మిట్ విషయం ఇంకా గట్టిది. పర్మిట్ లేని బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకి కట్టి, ఆ డబ్బు యజమాని దగ్గర రాబట్టుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు పాలసీయే లేకపోతే కట్టే కంపెనీయే ఉండదు. పైగా పర్మిట్ లేకుండా తిప్పితే 10,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు కూడా చట్టంలో ఉన్నాయి.

మరి సొంత బస్సు మేలా? నా మటుకు మేలే, కానీ దానికి కాపలా ఉండాలి.

మోటారు వాహనాల చట్టంలో విద్యాసంస్థ బస్సుకి ఒక అర్థం రాశారు. అది విద్యాసంస్థ సొంతమై ఉండాలి, విద్యార్థుల కోసం, సిబ్బంది కోసం, సంస్థ పనుల మీద మాత్రమే తిరగాలి. ఈ రెండు ముక్కల్లోనే మన తప్పులన్నీ ఉన్నాయి. ఫైనాన్స్ సులువుగా వస్తుందని బస్సును బావమరిది పేరున కొనేవాళ్లున్నారు. స్కూలు నడిపే సొసైటీ పేరున లేని బస్సు విద్యాసంస్థ బస్సు ఎలా అవుతుంది? రెండోది ఆదివారాలు. పెళ్లిళ్ల సీజన్లో, సభలు ఉన్నప్పుడు పసుపు బస్సులు జనాన్ని ఎక్కించుకుని తిరగడం మనందరికీ తెలుసు. ఒక్క ట్రిప్పుకి నాలుగు డబ్బులు వస్తాయని ఆశపడతాం. ఆ రోజు ప్రమాదం జరిగితే పర్మిట్ షరతు మనమే మీరినట్టు. కంపెనీ అడిగే మొదటి ప్రశ్న అదే. దయచేసి ఆ పని చేయకండి. మొహమాటానికి కూడా చేయకండి.

ఇక సీట్ల సంగతి. ఇన్సూరెన్స్ ఎంతమందికి ఉందో అంతమందికే కంపెనీ బాధ్యత అని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. 40 సీట్ల బస్సులో 60 మందిని ఎక్కిస్తే ఆ పై ఇరవై మంది భారం యజమానిదే. సొంత బస్సుకి యజమాని అంటే మనమే. బడ్జెట్ స్కూళ్లలో ఇది ఎంత మామూలైపోయిందో నాకు తెలుసు, మేమూ చేశాం కాబట్టే చెప్తున్నాను.

సొంత బస్సు ఎందుకు మేలో ఒక మే నెలలో నాకు బాగా అర్థమైంది. స్కూల్ బస్సుల ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు మే 15తో అయిపోతుంది, జూన్ 12న స్కూళ్లు తెరిచేలోపు మళ్లీ చేయించాలి. ఎండలో బస్సులు బారులు తీరి ఉన్నాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు మా బస్సెక్కి వైపర్ చూశారు, మంటలార్పే సిలిండర్ మీద తేదీ చూశారు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా మూత తీశారు. లోపల ఒక దూది చుట్ట, ఎండిపోయిన టించర్ సీసా. తర్వాత వెనక ఎమర్జెన్సీ డోర్ తీయమన్నారు. డ్రైవర్ లాగాడు, రాలేదు. భుజం పెట్టి తోశాడు, రాలేదు. బ్యాగులు పెట్టుకోవడానికని మేమే వెల్డింగ్ చేయించిన స్టాండు ఆ తలుపుకి అడ్డం పడుతోంది. ఏడాదంతా ఆ తలుపు తీసి చూసినవాళ్లు లేరు. మంట అంటుకుంటే పిల్లలు ఎటు దూకేవాళ్లు? ఆ సాయంత్రమే స్టాండు కోయించేశాం. అద్దె బస్సైతే ఆ తలుపు సంగతి నాకు తెలిసేదే కాదు. తెలిసినా ఆ సాయంత్రమే కోయించే అధికారం నాకుండేది కాదు.

ఈ నిబంధనలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా గుర్తుంచుకోవాలి. 1997 నవంబర్‌లో ఢిల్లీలో ఒక స్కూల్ బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాతే సుప్రీంకోర్టు గంటకి 40 కిలోమీటర్లు దాటనివ్వని స్పీడ్ గవర్నర్, కిటికీలకి అడ్డకడ్డీలు, డ్రైవర్‌కి కనీసం ఐదేళ్ల అనుభవం, బస్సులో ఒక సహాయకుడు లాంటివి పెట్టమంది. డ్రైవర్ వయసు 60 దాటకూడదన్నది మన రాష్ట్ర రూల్స్‌లో ఉంది. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర స్కూల్ బస్సును రైలు ఢీకొన్నది కాపలా లేని గేటు దగ్గర. బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అలాంటి గేట్లు తర్వాత తీసేశారు. కానీ చెరువు కట్టలు, కాలవ గట్లు, గోడల్లేని కల్వర్టులు మన రూట్లలో ఇంకా ఉన్నాయి. మీ బస్సు రూటు మీద మీరు స్వయంగా ఒక్కసారైనా ప్రయాణం చేశారా? నేను పదేళ్ల పాటు చేయలేదు.

ఇంకో మాట, ఇది సొంత బస్సుకీ అద్దె బస్సుకీ ఒకటే. మన రెండు రాష్ట్రాల్లో పేపర్లో మళ్లీ మళ్లీ కనపడే వార్త, బస్సు దిగిన పాప అదే బస్సు కింద పడటం. పెద్ద ప్రమాదాల గురించి భయపడతాం గానీ, ఎక్కువగా గుండె కోసేది ఇంటి ముందు జరిగే ఇదే. ఆయమ్మ ముందు తను దిగి, పిల్లని చెయ్యి పట్టి రోడ్డు దాటించి, అమ్మ చేతికి అప్పగించి, తిరిగి ఎక్కి "పోనీ" అంటేనే బస్సు కదలాలి. జీతం మిగులుతుందని ఆయమ్మని తీసేసిన స్కూల్లో ఏ కాగితం ఎంత సక్రమంగా ఉన్నా లాభం లేదు.

ఆటోల దగ్గరికి వద్దాం. "పేరెంట్స్ మాట్లాడుకున్నారు, మాకు సంబంధం లేదు" అన్న మాటలో కొంత నిజం ఉంది. ఫీజు మనం తీసుకోం, రూటు మనం వేయం. పరిహారం కేసులో అద్దె బస్సు కంటే మన స్థానం మెరుగే. కానీ ఆటో మన గేటు ముందే ఆగుతుంది. రెండు పక్కలా బ్యాగులు వేలాడుతూ, డ్రైవర్ సీటుకి అటొకరు ఇటొకరు, వెనక చెక్క మీద నలుగురు. ఇది రోజూ మన వాచ్‌మన్ కళ్ల ముందే జరుగుతుంది. మూడున్నరకి పిల్లని ఎవరి చేతికి అప్పగించామన్నది స్కూలు పనే. కొత్త డ్రైవర్ వస్తే పంపేశామా, ఆపి ఇంటికి ఫోన్ చేశామా? "స్కూలుకి బాధ్యత లేదు" అని అడ్మిషన్ ఫారంలో తల్లిదండ్రుల సంతకం తీసుకున్నంత మాత్రాన ఆ గేటు దగ్గర మన నిర్లక్ష్యం మాసిపోదు.

పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన పోక్సో చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. ఆటోలో గానీ, బస్సులో గానీ పిల్ల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసి పోలీసులకి చెప్పకపోతే ఎవరికైనా ఆరు నెలల దాకా జైలు, చేసినవాడు సంస్థలో తమ కింద పనిచేసేవాడైతే సంస్థను నడిపేవాళ్లకి ఏడాది దాకా. డ్రైవర్‌కి జీతం మనం ఇవ్వకపోయినా చెప్పాల్సిన బాధ్యత పోదు. 2022 అక్టోబర్‌లో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో నాలుగేళ్ల పాప మీద దాడి చేసినవాడు స్కూల్ బస్సు డ్రైవర్ కాదు, ప్రిన్సిపాల్ కారు డ్రైవర్. అతనితో పాటు ప్రిన్సిపాల్‌నీ అరెస్టు చేశారు, స్కూలు గుర్తింపు రద్దు చేయమని మంత్రి ఆదేశించారు. డ్రైవర్‌కి 20 ఏళ్ల శిక్ష పడింది. అందుకే మా దగ్గర పిల్లల్ని తీసుకెళ్లే ప్రతి ఆటో నంబరు, డ్రైవర్ లైసెన్స్ జిరాక్సు, ఫొటో, అందులో వెళ్లే పిల్లల పేర్లు ఒక పుస్తకంలో ఉంటాయి. పోలీస్ వెరిఫికేషన్ చేయించుకోనివాడి ఆటో లోపలికి రాదు. పేరెంట్స్ మొదట్లో గొణిగారు. ఇప్పుడు కొత్త డ్రైవర్‌ని పెట్టే ముందు వాళ్లే వచ్చి పుస్తకంలో రాయిస్తున్నారు.

ఆర్టీసీ బస్సు రూటు ఉన్న ఊళ్లకి, హైస్కూలు పిల్లలకి అదే మంచిది. స్కూలు వేళకి సర్వీసు సర్దమని డిపో మేనేజర్‌కి అర్జీ పెడితే కొన్నిచోట్ల పనవుతుంది. చిన్నపిల్లలకి అది కుదరదు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు స్కూటీ మీద వస్తుంటే మాత్రం చూసీ చూడనట్టు ఊరుకోకండి. మైనర్ బండి నడిపి మోటారు వాహనాల చట్టం మీరితే తండ్రికో, బండి యజమానికో 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా అని ఆ చట్టానికి 2019లో చేసిన సవరణలో వచ్చింది. మన పార్కింగ్‌లో ఆ స్కూటీకి చోటు ఇవ్వకపోతే సగం సమస్య తీరుతుంది.

నన్నడిగితే, 500 లోపు పిల్లలున్న స్కూలుకి తక్కువ బస్సులు, దగ్గర రూట్లు, అన్నీ సొంతానివే మేలు. కాగితాల తేదీలు చూడటానికే ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి లేని స్కూలు సొంత బస్సు కొంటే అద్దె బస్సు కంటే పెద్ద ప్రమాదంలో పడుతుంది. తప్పనిసరై అద్దెకి పెట్టినా, పాలసీ, పర్మిట్, ఎఫ్‌సీ, పొల్యూషన్, డ్రైవర్ లైసెన్స్ ఐదూ నెలనెలా ఒరిజినల్స్ చూసి సంతకం పెట్టాకే అద్దె చెక్కు ఇవ్వండి. లైసెన్స్ గురించి ఒక వెసులుబాటు వచ్చింది. 7,500 కిలోల లోపు బరువున్న బండిని లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్‌తో నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చిన్న వ్యాన్లకి ఇది వర్తిస్తుంది, పెద్ద బస్సుకి హెవీ లైసెన్సే కావాలి.

మేం గత ఏడాది అద్దె బస్సు మానేశాం. దాంతో 14 కిలోమీటర్ల అవతలి ఊరికి రూటు పోయింది. ఆ ఊరి నుంచి 11 మంది పిల్లలు వచ్చేవాళ్లు. తల్లిదండ్రుల్ని పిలిచి ఎందుకు మానేస్తున్నామో ఉన్నది ఉన్నట్టు చెప్పాను, పాత పాలసీ కాగితం మీద తేదీ కూడా చూపించాను. నలుగురు వాళ్ల ఊరి దగ్గర స్కూల్లో చేర్చారు, టీసీలు అదే రోజు ఇచ్చేశాం. మిగతా ఏడుగురి పేరెంట్స్ కలిసి ఒక వ్యాన్ మాట్లాడుకున్నారు. ఆ వ్యాన్ నంబరు ఇప్పుడు మా పుస్తకంలో ఉంది, డ్రైవర్ ఫొటో పక్కన.