పాత కేసు షీట్లా, కొత్త రోగులా?

గుంటూరులో ఎంఎస్ జనరల్ సర్జరీ చేస్తూ మలాశయ క్యాన్సర్‌పై థీసిస్ రాయాలనుకునేవారికి రెండు దారులు. రికార్డు గదిలో పాత కేసు షీట్లు తిరగేయడం త్వరగా తెమిలే పని. కానీ పాథాలజీ నివేదికలో ఎన్ని లింఫు గ్రంథులు చూశారో రాయకపోతే ఇప్పుడు చేయగలిగింది లేదు. కనీసం 12 చూడాలన్నది ప్రమాణం.

కొత్త రోగులను చేర్చుకుంటూ వెళితే ప్రతి అంకె మన చేతిమీదుగానే నమోదవుతుంది. కోర్సు 3 ఏళ్లే కాబట్టి 5 ఏళ్ల మనుగడ లెక్క తేలదు. ఆపరేషన్‌లో గడ్డ తీసేసి కలిపిన పేగు అతుకు లీకైందా అన్నది మాత్రం చాలావరకు 30 రోజుల్లోనే తెలిసిపోతుంది. పల్నాడు పల్లెలకు వెళ్లిపోయిన రోగిని ఫోను చేసి రప్పించడమే అసలు కష్టం.

నా ఓటు రెండో దారికే, గైడు వారానికోసారి కూర్చోబెట్టి పట్టిక చూసే మనిషైతేనే. సంతకానికి మాత్రమే దొరికేవారైతే పాత షీట్లే నయం.