గుణింతం రాగం తీయించాలా, గుర్తులు ఒక్కొక్కటి నేర్పాలా, బోర్డులు చదివించాలా: పిల్లలకి ఏది మేలు?

ఫస్ట్ క్లాస్‌కి వచ్చేసరికి చాలా ఇళ్లల్లో ఇదే గోల, అక్షరాలన్నీ వచ్చు, క చూపిస్తే క అంటారు, దానికి గుడో కొమ్మో తగిలిందా ఇక నోరు పెగలదు. 2018 చట్టం వచ్చాక తెలంగాణలో సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బళ్లల్లో కూడా తెలుగు తప్పనిసరి, సో ఇంగ్లీష్ మీడియం కదా అని వదిలేసే ఛాన్స్ కూడా లేదు.

మొదటిది నానమ్మల పద్ధతి, క కా కి కీ అని రాగం తీయడం. చెవికి మంచిదే, పొట్టి శబ్దం పొడుగు శబ్దం తేడా దీంతో బాగా పట్టుబడుతుంది. కానీ పిల్లలు పాడేటప్పుడు కళ్లు పుస్తకంలో ఉండవు, ఫ్యాన్ మీద ఉంటాయి. డౌటుంటే మధ్యలో కో మీద వేలుపెట్టి అడగండి, మళ్లీ క దగ్గర్నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తారు. పైగా 35 దాకా హల్లులు, ఒక్కోదానికి 15 రూపాలంటే 500 దాటుతాయి, అవన్నీ వరుసపెట్టి నోట్‌బుక్కుల్లో రాయిస్తారు. అందులో కౄ లాంటివి ఆ వయసు పిల్లలు చదివే మాటల్లో ఎక్కడ తగుల్తాయో నాకైతే అర్థం కాదు.

రెండోది గుర్తు వారీగా. ఒక వారం అంతా గుడి ఒక్కటే, కి గి చి ని లి అని అడ్డంగా పోవడం, తలకట్టు తీసి గుడి పెడితే ఏమవుతుందో చూపించడం. నా ఓటు దీనికే, ఎందుకంటే నేర్చుకోవాల్సింది 500 నుంచి ఓ డజను గుర్తులకి పడిపోతుంది, తలకట్టు, దీర్ఘం, గుడి ఈ మూడొస్తే చాలు కాకి, గాలి, నది, చలి, జామ చదివేస్తారు, చదివామన్న ఊపు వాళ్లకి అప్పుడే వస్తుంది. చిక్కల్లా మాట వినని అక్షరాలతోనే. వ పక్కన మామూలుగా కొమ్ము పెడితే అది మ అయిపోతుంది కాబట్టి వు లో కొమ్ము కిందికి దిగుతుంది, పు, ఫు కూడా అంతే. మి చూడండి, వి కి తోక పెట్టినట్టు ఉంటుంది. యి, మొ, యొ ఇవన్నీ అదే బాపతు. వీటిని మొదటి రోజే కలపకండి, మిగతావి కుదిరాక విడిగా చెప్పండి.

మూడోది, గుణింతం గొడవే లేకుండా డైరెక్ట్‌గా మాటలు చదివించడం. మన హైదరాబాద్‌లో దీనికి కరువే లేదు, బస్సు బోర్డులు, మెట్రో స్టేషన్ పేర్లు, అన్నీ తెలుగులో ఉంటాయి. కానీ దీంతోనే మొదలుపెడితే పిల్లలు చదవరు, ఊహిస్తారు, మొదట్లో ఉప్ప కనబడితే చాలు ఉప్పల్ అనేస్తారు, అది ఉప్పుగూడ అయినా సరే. ప్రాక్టీస్‌కి సూపర్, నేర్పడానికి కాదు.

ఇంగ్లీష్ ఫోనిక్స్ కూడా ఇదే టైంలో మొదలవుతుంది, ఎస్, హెచ్ కలిస్తే ష, సీ, హెచ్ కలిస్తే చిప్స్‌లో చ, స్కూల్‌లో మాత్రం క. అక్కడ జత మారకపోయినా శబ్దం గ్యారంటీ లేదు, ఇక్కడ గుడి ఎక్కడున్నా గుడే. రెండూ ఒకే పూట కూర్చోబెట్టి చెప్పకపోతే బెటర్.

ఒత్తుల దగ్గరికొస్తే మాత్రం నా లెక్క మారుతుంది. గ్గ, చ్చ, డ్డ, ప్ప, బ్బ లాంటివి సులువు, కింద ఉన్నది తలకట్టు లేని అదే అక్షరం. క, త, న, మ, య, ర, ల ఒత్తులే పూర్తిగా వేరే రూపంలో ఉంటాయి, గుర్తుపెట్టుకోక తప్పదు. అయితే అదృష్టం కొద్దీ ఇంట్లో మాటలన్నీ వాటితోనే, అక్క, అత్త, నాన్న, అమ్మ, అయ్య, చెల్లి. అందుకే ఇక్కడ చార్టు పక్కనపెట్టి మాటలతోనే నేర్పండి, ర ఒత్తు ఒక్కటీ తర్వాత చూసుకోవచ్చు.

ద్విత్వాలు, అంటే అక్షరం కింద అదే అక్షరం ఒత్తుగా వచ్చేవి, ముందు నేర్పాలనడానికి ఇంకో కారణం ఉంది. బస్తీ అన్న మాట చూడండి, గుడి దీర్ఘం స మీద ఉంటుంది, పలికేది మాత్రం కింద ఉన్న త తో. పిల్లలు కనబడినట్టు బసీత అంటారు, శక్తి ని శకిత అంటారు, పాపం వాళ్ల తప్పేం లేదు. చెల్లి లో పైనా కిందా ఒకటే అక్షరం కాబట్టి ఈ తికమక ఉండదు. వేరే అక్షరం ఒత్తుగా వచ్చే సంయుక్తాలు మొదలుపెట్టినప్పుడు మాటని విరిచి పలికించండి, బస్, తీ. శక్, తి. పుస్, తకం. పై అక్షరాన్ని పొల్లులా ఆపి, గుర్తుని కింది అక్షరానికి ఇవ్వాలని రెండు మూడు మాటలకే పట్టేస్తారు. రాష్ట్రం, స్త్రీ లాంటి మూడు హల్లులవి సెకండ్ క్లాస్ దాకా ఆగినా నష్టం లేదు.